లామినేషన్ వద్దన్న మనిషి

2024 ఫిబ్రవరి 13, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. నాచారంలో బస్టాపు వెనక ఉన్న జిరాక్స్ షాపు యజమాని మా చెల్లెలి పెళ్లి సర్టిఫికెట్‌ను రెండు అరచేతుల మీద పెట్టుకుని నన్ను మూడోసారి అడిగాడు.

“మేడమ్, పక్కా చెయ్యమంటరా?”

“చెయ్యమనే కదా చెప్తున్న. ఎన్నిసార్లు అడుగుతవయ్యా?”

ఆయన లామినేషన్ మిషను మీద కప్పి ఉంచిన తువ్వాలు తీశాడు. మిషను వేడెక్కడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో కూడా నేను వద్దనలేదు.

మొన్న 2025 నవంబరు 17న పింఛను కాగితాలకు జిరాక్స్ తీయించుకుందామని వెళితే ఆ షట్టరు వేసి ఉంది. పక్కన పంచరు షాపతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచుతూ చెప్పాడు. “తెల్వదా అమ్మా? పోయిన బుధవారం పోయిండు. పొద్దుగాల షట్టర్ ఎత్తుతుండంగ గుండె పట్టుకున్నడు. దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయింది.”

పోయిన బుధవారం అంటే పన్నెండో తారీఖు. బస్టాపు బల్ల మీద కూర్చున్నాను. ఉప్పల్ వైపు బస్సులు మూడు వెళ్లిపోయాయి.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. జిరాక్స్ వంకరగా వచ్చినా, మసకగా వచ్చినా ఆ కాగితాన్ని ఆయన బుట్టలో వేసేవాడు కాదు. నాలుగు ముక్కలు చేసి మన చేతికే ఇచ్చేవాడు. “మీ పేరున్న కాయితం నా చెత్తబుట్టల ఎందుకు మేడమ్? మీరే తీస్కపోండ్రి” అనేవాడు. పేరు గురించి అంత పట్టింపు ఉన్న మనిషి పేరును అడగకుండా పదిమంది చదివే చోట పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఆరడుగుల వెడల్పు షాపు. ఒకప్పుడు అక్కడ టైపు నేర్పేవారు. గోడకు ఆ రోజుల నాటి అక్షరాల పటం ఇంకా వేలాడుతుండేది. ఆయనకు రెండు కళ్లజోళ్లు. ఒకటి ముక్కు మీద, ఒకటి నుదుటి మీద. గడియారం ముఖం మణికట్టు లోపలి వైపు తిప్పి పెట్టుకునేవాడు. టైము చూసుకోవాలంటే భిక్ష అడిగినట్టు చెయ్యి వెల్లకిలా తిప్పాలి. కాగితం ఏదైనా సరే అంచులు పట్టుకునే తీసుకునేవాడు. ఒకసారి ఊది, వెనక్కి తిప్పి చూసిన తర్వాతే గాజు మీద పెట్టేవాడు.

“ముందల ఉన్నది ఎవరైన చదువుతరు. ఎనక ఏముందో సూడాలె. ముద్ర ఎనకే కొడ్తరు, తిప్పలు ఎనకనుంచే వస్తయి.”

స్టాప్లర్ ఆయన షాపులో ఉండేది కాదు. కాగితాలను బట్టల క్లిప్పులతో పట్టి ఇచ్చేవాడు. “పిన్ను గుచ్చితే కాయితానికి పుండయితది” అనేవాడు. అన్నిటికన్నా ఆయనకు పడనిది లామినేషన్. మిషను కొన్నాడు, ఎందుకంటే మా వైపు జనానికి లామినేషన్ మీద ఉన్న నమ్మకం దేవుడి తర్వాత అంతటిది. పదో తరగతి మెమో, రేషన్ కార్డు, చనిపోయిన తాతగారి ఫొటో, పొలం పాస్‌బుక్కు మొదటి పేజీ, ఏది విలువైనదైతే దాన్ని ప్లాస్టిక్‌లో వేయించాల్సిందే. వేయించకపోతే కాగితాన్ని గౌరవించనట్టు. మా ఇంట్లో నా సర్వీసు కాగితాలు, అమ్మ చర్చి బాప్తిస్మం చీటీ, ఆమె సమాధి రసీదు, అన్నీ లామినేషన్‌లోనే ఉన్నాయి. నేను ముప్పై ఒక్క ఏళ్లు నాచారంలోనే ఒక దవాఖానాలో మందుల స్టోరు క్లర్కుగా చేశాను. ఏ మందు ఏ నెలతో పనికిరాకుండా పోతుందో రాసి పెట్టడం నా పని. తడి, చెదలు, ఎలుకలు కాగితాన్ని ఏం చేస్తాయో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు అనుకునేదాన్ని.

ఆయన మాత్రం లామినేషన్ అడిగిన ప్రతివాళ్లనూ మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఇది ఒరిజినలా? మళ్లీ ఎక్కడికైనా పోతదా? ఇంట్ల పెద్దోళ్లను అడిగిన్రా? మూడో ప్రశ్నకు చాలామంది నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. మా ఇంట్లో పెద్దదాన్ని నేనే.

మా ఇల్లు ఉప్పల్‌లో. కింద నేను, పైన మా చెల్లెలు కరుణ, ఆమె భర్త పావోలో. కరుణ నర్సు. పావోలోది ఇటలీ. మాత్రలను రేకుల్లో ప్యాక్ చేసే మిషన్లు బిగించడానికి నాచారంలోని ఒక మందుల ఫ్యాక్టరీకి వచ్చాడు. ఆ మిషనులో వేలు పడి మా చెల్లెలి దగ్గర కుట్లు వేయించుకున్నాడు. 2019లో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు. అప్పటికి కరుణకు నలభై తొమ్మిది, అతనికి యాభై మూడు. పెళ్లయ్యాక ఆమె అత్తగారి ఇల్లు చూడలేదు. ముందు కరోనా అడ్డం వచ్చింది. తర్వాత మా అమ్మ మంచాన పడితే కరుణ కదల్లేదు. మా మరిది రెండుసార్లు ఒంటరిగా వెళ్లి వచ్చాడు. అమ్మ పోయాక ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. ఏడాదికి మూడు నెలలు అక్కడ, తొమ్మిది నెలలు ఇక్కడ. దానికి ఒక్కసారి వెళ్లి రావడానికిచ్చే వీసా చాలదు, ఎన్నిసార్లయినా వెళ్లి రాగల వీసా కావాలి. ఎండాకాలంలో బయల్దేరాలనుకున్నారు. తొందర లేదు. కాగితాలు సిద్ధం చేసే బాధ్యత నేను తీసుకున్నాను.

పెళ్లి సర్టిఫికెట్ మడత దగ్గర చిట్లుతోంది. అదీ నా ఆందోళన. ఆ మంగళవారం ఆయన దాన్ని వెనక్కి తిప్పి చాలాసేపు చూశాడు.

“ఎనక ఖాళీగ ఉంది మేడమ్. ఫారిన్ ముచ్చట కదా, ఏదన్న ముద్ర పడాల్నేమో.”

“పడాల్నా?”

“నాకు తెల్వదు. పిల్లల చదువు ఫారాలు మస్తు నింపిన గని, గిసొంటి కేసు నాకు మొదటిది. తెల్వనప్పుడు ముట్టద్దు.”

“నీకు తెల్వదు, నాకు తెలుసు. మడత కాడ చినిగితే అప్పుడు ఎవరు ముద్ర కొడ్తరు? చెయ్యి.”

చేశాడు. అంచులు కత్తిరించి, గుచ్చుకోకుండా నాలుగు మూలలూ గుండ్రంగా కోశాడు. నా చేతికి ఇచ్చినప్పుడు అది ఇంకా వెచ్చగా ఉంది.

ఫిబ్రవరి 27న ఇటలీ నుంచి ఫోను వచ్చింది. పావోలో తల్లి స్నానాల గదిలో పడింది. తుంటి ఎముక విరిగింది. ఎనభై ఆరేళ్ల మనిషి, గుండె బలహీనం. ఆపరేషన్ చేయలేమన్నారు. చూడాల్సినవాళ్లు త్వరగా రావాలన్నారు. వీసాకు కావలసిన కాగితాల జాబితాలో నాలుగోది పెళ్లి సర్టిఫికెట్, దాని వెనక మన విదేశాంగ శాఖ ముద్రతో. మార్చి 1, శుక్రవారం కరుణ దాన్ని పట్టుకుని ముద్ర వేసే చోటికి వెళ్లింది. కౌంటరులో ఉన్నతను వేలితో ప్లాస్టిక్ మీద తట్టి వెనక్కి తోశాడట. దీని మీద ముద్ర ఎట్లా పడుతుందమ్మా, కొత్తది తెచ్చుకోండి అన్నాడట. అతని తప్పేమీ లేదు.

సాయంత్రం నాలుగున్నరకు కరుణ, పావోలో, నేను ముగ్గురం నాచారం షాపుకు వెళ్లాం. దారిలో ఆటోలో చెబుదామనుకున్నాను. హబ్సిగూడ దగ్గర సిగ్నల్ పడింది, అప్పుడు చెబుదామనుకున్నాను. సిగ్నల్ మారింది.

కరుణ సర్టిఫికెట్‌ను కౌంటరు మీద పడేసింది. “ఎవరు చేసిన్రు గీ పని?”

నేను నోరు తెరిచాను. ఆయన ఒకసారి నా ముఖం చూసి, నుదుటి మీది కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

“నేనే చేసిన చెల్లె. మేడమ్ జిరాక్స్ తియ్యమని ఇచ్చిపోయిన్రు. చినుగుతుందని నేనే వేసిన.”

“అడగకుంట ఎట్ల వేస్తవ్? నీకేం హక్కుందన్నా? ఆడ ముసలామె పానం మీదకొచ్చింది, తెలుసా నీకు? ఇరవై ఏండ్ల సంది షాపు నడుపుతున్నవ్, ఒరిజినల్ ఏదో జిరాక్స్ ఏదో తెల్వదా? రెండు రూపాయల పని చేసెటోనికి ఇంత పెద్ద కాయితమిచ్చుడు మా అక్క తప్పు!”

ఆ చివరి మాట ఆమెకు తెలియకుండానే నిజానికి దగ్గరగా వచ్చింది. పావోలో ఆమె భుజం పట్టుకుని, తనకు వచ్చిన తెలుగులో “కరుణా, చాలు, చాలు” అన్నాడు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను కౌంటరు మీది బట్టల క్లిప్పులను చూస్తూ నిలబడ్డాను. ఎర్రవి ఐదు, పచ్చవి మూడు.

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్లి అడిగాను. “ఎందుకట్ల చెప్పినవయ్యా?”

“మీ ఇంట్ల పనంత మీ మాట మీద నడుస్తది మేడమ్. గిప్పుడు ఆ మాట పోతే, గీ వీసా పని ఎవరు నడిపిస్తరు? చెల్లె ఏడ్సుకుంట కూసుంటది, సారుకు తెలుగే సక్కగ రాదు. నేను బయటోన్ని. ముందు పని కానియ్యండ్రి. అయినంక మీరే చెప్పుకోండ్రి.”

అని, పక్కనున్న బ్యూటీ పార్లరు నుంచి జుట్టు ఆరబెట్టే మిషను అడిగి తెచ్చాడు. వేడి గాలి పట్టి, ప్లాస్టిక్‌ను ఒక మూల నుంచి లేపడం మొదలుపెట్టాడు. పార్లరు అమ్మాయి గుమ్మంలో నిలబడి, “ఏందన్నా, కాయితానికి స్ట్రెయిటనింగ్ చేస్తున్నవా?” అంది. ఆయన నవ్వలేదు. గంటన్నరకు ఒక వేలెడంత ఊడింది. దానితోపాటు రిజిస్ట్రారు సంతకంలో మొదటి అక్షరం కూడా ప్లాస్టిక్‌కు అంటుకుని వచ్చింది. ఆయన మిషను ఆపేశాడు. “ఇగ ముట్టద్దు. కొత్త నకలు తెద్దాం. నేను గూడ వస్త.”

షాపు మూసి ఆయన బయటికి రావడం నేను అంతకుముందు చూడలేదు. మార్చి 4, 6, 7, 12 తేదీల్లో, నాలుగుసార్లు, రిజిస్ట్రారు ఆఫీసు బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. 2019 నాటి పెళ్లిళ్ల రిజిస్టరు బైండింగుకు వెళ్లిందన్నారు. నేను లేచి అర్జెంటని చెప్పబోతే చీర కొంగు పట్టుకున్నంత పని చేశాడు.

“అర్జెంట్ అనకండ్రి మేడమ్. అర్జెంటన్నోళ్లు ఆ కౌంటర్ కాడ ఇరవైమంది ఉన్నరు. మనం కూసున్నోళ్లం కావాలె. కూసున్నోళ్లను చూస్తే వాళ్లకు జర సిగ్గయితది.”

వీలున్నప్పుడల్లా ఆయన కౌంటరులోని క్లర్కుకు కనబడేట్టు కూర్చునేవాడు. కళ్లు కలిస్తే నమస్కారం పెట్టేవాడు, అంతే. నేను లోపల్లోపల రోజులు లెక్కపెడుతుండేదాన్ని. ఎనిమిదిన శివరాత్రి. తొమ్మిది రెండో శనివారం. పది ఆదివారం. పావోలో ఐదో తేదీనే ఒక్కడూ వెళ్లిపోయాడు. కరుణే వెళ్లమంది. రోజూ మధ్యాహ్నం రెండింటికి వీడియో కాల్ వచ్చేది. దిండు మీద తెల్లటి చిన్న తల, అటు తిరిగి ఇటు తిరిగి వెతికి, ఒకటే మాట అడిగేది. పావోలో తెలుగులో చెప్పేవాడు. “అమ్మ అడుగుతుంది, ఏ రోజు?” కరుణ నా వైపు చూసేది. నేను ఒక తేదీ చెప్పేదాన్ని. ఆ తేదీ జరుగుతూ పోయింది.

నకలు పన్నెండున చేతికొచ్చింది. ముద్ర పదిహేనున పడింది. అనువాదం పద్దెనిమిదిన. పంతొమ్మిదిన ఫారం నింపాలి. కరుణ ఆ షాపు ముఖం చూడనంది. “వేరే కాడ నింపిస్త తియ్యి” అని చెప్పి నేను ఆయన దగ్గరికే వెళ్లాను. ఆమెను అడగాల్సిన వివరాలు చాలా ఉన్నాయి. నేను ఫోను స్పీకర్‌లో పెట్టాను. తన గొంతు వినబడితే ఆమె గుర్తుపడుతుందని, ఆయన ఒక్కో ప్రశ్నా చీటీ మీద రాసి నా ముందు జరిపాడు. నేను చదివాను.

“కరుణా, ఎన్నిసార్లు పోయొచ్చే వీసా అడుగుదాం?”

“ఒక్కసారి రానియ్యమను అక్కా. ఒక్కసారి చూస్తే చాలు. ఇప్పుడు మస్తుసార్లు అని రాస్తే ఎక్కువ అడుగుతున్నమని లేట్ చేస్తరేమో.”

నాకూ అదే భయం. ఆయన చీటీ మీద గబగబా రాశాడు. నేను చూసింది చూసినట్టు చదివాను.

“గట్ల అనకు. ఒక్కసారికే రాస్తే, ముసలామె దక్కదని మనమే సంతకం పెట్టినట్టు. లేచి కూసుంటది. క్రిస్మస్‌కు మళ్ల పోవాలె నువ్వు. ఎక్కువసార్లే రాస్తున్న.”

ఫోనులో కరుణ ఏడుపు వినబడింది. “నువ్వున్నవ్ కాబట్టి సరిపోయింది అక్కా” అంది. ఆయన ఆ గడిలో టిక్కు పెట్టి, చీటీని నాలుగు ముక్కలు చేసి, తన జేబులోనే వేసుకున్నాడు.

మార్చి 21, గురువారం వీసా కేంద్రంలో కరుణ వేలిముద్రలు ఇచ్చింది. మార్చి 27, బుధవారం, మన టైము ప్రకారం ఉదయం పదిన్నరకు ఆమె అత్తగారు చనిపోయింది. ఏప్రిల్ 2, మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు పాస్‌పోర్టు ఇంటికి వచ్చింది. రెండేళ్లు, ఎన్నిసార్లయినా. కరుణ ఆ పేజీ చూసి, కవరులో పెట్టి, నా చేతికి ఇచ్చింది. నాలుగో తేదీ ఫ్లైటుకు వెళ్లి సమాధి మీద పూలు పెట్టి వచ్చింది.

ఆ వారమే నేను షాపుకు వెళ్లాను. ఆయన వార్త విని గాజు మీది కాగితం తీసి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా, “చెప్పిన్రా మేడమ్?” అన్నాడు. ఇప్పుడు కాదయ్యా, తల్లి పోయిన ఇల్లు అన్నాను. జూన్‌లో వెళ్లినప్పుడు మళ్లీ అడిగాడు. దసరాకు ముందు ఇంకోసారి అడిగాడు. అప్పుడు నేను కోపంగా, “నీకెందుకయ్యా అంత తొందర?” అన్నాను. ఆయన చెయ్యి వెల్లకిలా తిప్పి గడియారం చూసుకున్నాడు. ఆ తర్వాత అడగలేదు.

ఆయన తొందర ఎందుకో నాకు తెలుసు. ఆ షాపతను అడగకుండా తన కాగితం పాడుచేశాడని కరుణ దవాఖానాలోనూ చర్చిలోనూ అందరికీ చెప్పింది. విదేశాలకు వెళ్లే నర్సు పిల్లల ఫారాలు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. అవి ఆగిపోయాయి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఒక అమ్మాయి నా ఎదురుగానే అడిగింది, నాచారం షాపుకు పోవచ్చా ఆంటీ అని. కరుణ నాకన్నా ముందే, “ఆడికి మాత్రం పోకు బిడ్డా” అంది. నేను పాటల పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.

నవంబరు 18, మంగళవారం, ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు, కరుణ డ్యూటీకి టిఫిన్ బాక్సు సర్దుకుంటుండగా పైకి వెళ్లి చెప్పాను. ఆయన పోయాడని ముందు చెప్పాను. తర్వాత మిగతాది.

కరుణ మూత పట్టుకుని అలాగే నిలబడింది. “నేను తిడుతుంటే ఆయనేమన్నడు?”

“ఏమనలె.”

“నేను ఏమేమన్ననో యాదికున్నదా నీకు?”

“ఉన్నది.”

“చెప్పు.”

చెప్పాను. రెండు రూపాయల మాట దగ్గర ఆమె కళ్లు మూసుకుంది.

“ఆయన ఇల్లెక్కడ?”

“తెల్వదు. మౌలాలి దిక్కు అంటరు.”

“ఇరవై ఏండ్ల సంది పోతున్నవ్ అక్కా ఆ షాపుకు.”

బాక్సు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. పావోలో కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నాడు. అతనికి తెలుగు ఇప్పుడు బాగానే వచ్చింది. “ఎన్ని రోజులు అక్కా?” అని అడిగాడు. అతను దేని గురించి అడుగుతున్నాడో నాకు అర్థమైంది. చెప్పాను. అతను తల ఊపి లోపలికి వెళ్లాడు.

అతనికి చెప్పిన లెక్క ఇది. ముద్ర మార్చి 1న పడాల్సింది, 15న పడింది. పోయినవి పద్నాలుగు రోజులు. అవి పోకపోతే పాస్‌పోర్టు మార్చి 19న వచ్చేది, 20న కరుణ అక్కడ ఉండేది. అత్తాకోడళ్లు ఒక గదిలో ఉండగలిగిన రోజులు ఏడు. అవి పోయాయి.

అతనికి చెప్పనిది ఇది. ఆ షాపుకు వెళ్లకుండా ఆగిపోయిన నర్సు పిల్లలు, నాకు తెలిసినంతవరకు, పదకొండుమంది. ఆయన నన్ను అడిగింది మూడుసార్లు. వీసా చేతికొచ్చిన రోజు నుంచి ఆయన పోయిన రోజు వరకు నిజం చెప్పడానికి నాకు దొరికిన రోజులు ఐదు వందల ఎనభై తొమ్మిది. అందులో నేను వాడినవి ఏమీ లేవు.